తాబేళ్ళు లెక్కపెట్టే చదువు

(ఫ్లోరిడాలోని తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఈ ఆదివారం కార్యక్రమంలో ఇదివరకు మాట్లాడినవాళ్ళు వీసాల గురించి చెప్పారు, ఇళ్ళ వడ్డీ రేట్ల గురించి చెప్పారు, పిల్లలకి తెలుగు నేర్పడం గురించి చెప్పారు. నన్ను పిలిచినప్పుడు "మీరు ఐటీ కన్సల్టెంటు కదండీ, డేటా గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరే, డేటా గురించే చెబుతాను. కాకపోతే బ్యాంకు డేటా కాదు, ఇన్సూరెన్సు డేటా కాదు, తాబేళ్ళ డేటా. నవ్వకండి. కాస్త ఓపిక పడితే మీ ఇంటి పునాది దాకా వస్తాను.

మా పిన్ని కూతురు గేన్స్‌విల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో, వన్యప్రాణుల మీద మాస్టర్స్ చేసింది. తిరుపతిలో పశువైద్యం చదువుకుని 2023లో వచ్చింది. మా ఇల్లు టాంపాకి ఉత్తరాన. అక్కడినుంచి గేన్స్‌విల్ రెండు గంటల దారి. అంచేత ఆ రెండేళ్ళూ ఈ దేశంలో దానికి పుట్టిల్లు మాదే అయింది.

విదేశంలో విద్యార్థి వారం ఎలా ఉంటుందో మనలో చాలామందికి ఒకరు చెప్పక్కర్లేదు. మనమందరం అదే దారిన వచ్చినవాళ్ళం. క్లాసు, ప్రాజెక్టు, కాంపస్‌లో వారానికి 20 గంటల పని, శుక్రవారం రాత్రి ఎవరి రూములోనో బిర్యానీ, ఆదివారం బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోను. మా చెల్లెలి వారం ఇలా ఉండేది కాదు. దాన్ని దగ్గర్నుంచి చూశాను, వీలైనప్పుడల్లా వెంట వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే, మొదట్లో భయం వల్ల. ఆడపిల్ల ఒక్కతీ అడవిలో ఏం చేస్తోందోనని పిన్ని రోజూ నాకు ఫోను చేసేది. తర్వాత్తర్వాత నాకే ఇష్టమై వెళ్ళాను.

అసలు ఈ చదువు ఎందుకు పట్టుకుందో చెప్పాలి. మాది మదనపల్లె వైపు. ఆ చుట్టుపక్కల గుట్టల్లో నక్షత్ర తాబేళ్ళుంటాయి. డిప్ప మీద పసుపు గీతలతో చుక్క ముగ్గు పెట్టినట్టుండే చిన్న తాబేళ్ళు. పెంచుకోవడానికి విదేశాల్లో వాటికి గిరాకీ ఎక్కువ, అందుకే దొంగతనంగా తరలిస్తుంటారు. 2019లో సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద వాటిని మొదటి జాబితాలో చేర్చారు, అంటే అడవినుంచి పట్టి దేశాలు దాటించి అమ్మడానికి వీల్లేదు. దీని కాలేజీ రోజుల్లో ఒకసారి అలా పట్టుబడ్డ తాబేళ్ళని సంచుల్లో తెచ్చారట. కాళ్ళకి టేపు చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి. వైద్యం చేశారు. బతికినవాటిని ఎక్కడైనా వదలాలి కదా. ఎక్కడ వదలాలి? ఆ అడవిలో ఇప్పటికే ఎన్నున్నాయి, ఇంకా ఎన్నింటికి మేత సరిపోతుంది? ఆ రోజు అక్కడున్నవాళ్ళెవరూ చెప్పలేకపోయారు. "జబ్బు నయం చెయ్యడం నేర్పారక్కా, లెక్కపెట్టడం నేర్పలేదు" అంది నాతో. ఆ లెక్క నేర్చుకోవడానికి వచ్చింది.

ఇక్కడ దానికి దొరికిన జంతువు గోఫర్ టార్టాయిస్. మీరు చూసే ఉంటారు, ఎందుకంటే ఫ్లోరిడాలో ఉన్న 67 కౌంటీల్లోనూ ఇది ఉంది. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు, మట్టిరంగు డిప్ప, అడుగు కంటే కాస్త తక్కువ పొడుగు. కానీ ముందు కాళ్ళు చూడాలి, అచ్చం పారల్లా ఉంటాయి. వాటితో ఇసక నేలలో బొరియ తవ్వుతుంది. సగటున 15 అడుగుల పొడుగు, ఆరడుగుల పైచిలుకు లోతు. తవ్విన ఇసకంతా బొరియ ముందు అరుగులా పడి ఉంటుంది, ఆడ తాబేలు చాలాసార్లు ఆ అరుగులోనే గుడ్లు పెడుతుంది. ఒక విచిత్రం ఏమిటంటే, బొరియ వెడల్పు దాదాపుగా ఆ తాబేలు పొడుగంతే ఉంటుంది, లోపల తిరగబడటానికి సరిగ్గా సరిపోయేలా. అంచేత బొరియలోకి కాలిపర్ పెట్టి కొలిస్తే, జంతువుని చూడకుండానే అది పెద్దదో పిల్లో చెప్పొచ్చు.

ఈ బొరియ దానికొక్కదానికే కాదు. కప్పలు, ఎలుకలు, గిలక పాములు, ఎనిమిదడుగులు దాటే ఇండిగో పాము, ఇక పురుగులైతే చెప్పక్కర్లేదు, మొత్తం 350 పైగా రకాల ప్రాణులు ఈ బొరియల్లో తలదాచుకుంటాయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఎండకీ, చలికీ, కార్చిచ్చుకీ. మన పాతకాలం సత్రం లాంటిదన్నమాట. సత్రం కట్టినవాడు పోతే బాటసారుల గతేమిటి అన్నది ఇక్కడ ప్రశ్న.

ఇక వారం సంగతి. మొదటి సెమిస్టరంతా అది ఒక్క తాబేలుని కూడా ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి కాగితాలు కావాలి. జంతువుల మీద ఏ పరిశోధన చెయ్యాలన్నా యూనివర్సిటీ కమిటీ ఒప్పుకోవాలి. జంతువుని ఎలా పడతావు, ఎంతసేపు పట్టుకుంటావు, ఎండ ఎక్కువైతే ఏం చేస్తావు, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటకుండా ఏం చేస్తావు, అన్నీ రాసివ్వాలి. ఆపైన రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతి. ఇండియాలో అనుమతులంటే విసుక్కుంటాం గానీ, ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే ఆ కాగితాలు రాస్తున్నప్పుడే తన పనిలో సగం తప్పులు బయటపడ్డాయంది.

బోను అంటే ఏదో ఇనప బోను ఊహించుకోకండి. ఒక ఐదు గాలన్ల ప్లాస్టిక్ బకెట్. బొరియ గుమ్మం ముందు నేలలో పూడ్చి, పైన న్యూస్ పేపరు పరిచి, దాని మీద పల్చగా ఇసక చల్లుతారు. తాబేలు బయటికొస్తూ పేపరు మీద కాలేసి అందులో పడుతుంది. వాన నీళ్ళు నిలవకుండా అడుగున చిల్లులు, ఎండ తగలకుండా పైన నీడ. అంతే. నేను ప్రతినెలా పాత పేపర్లు కట్ట కట్టి ఉంచేదాన్ని, అది వచ్చినప్పుడు పట్టుకుపోయేది. కానీ ఆ బకెట్‌ని కనీసం 24 గంటలకి ఒకసారి చూసి తీరాలి. జంతువు లోపల పడి ఉంటే ఫ్లోరిడా ఎండకి ఉడికిపోతుంది. అంచేత బకెట్లు పెట్టిన వారాల్లో ఆదివారం ఉండదు, దీపావళి ఉండదు, జ్వరం ఉండదు. ఒకసారి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చి, ప్రసాదం చేతిలో పెట్టుకునే బయల్దేరింది. "కథ అయ్యేదాకా ఉండవే" అంటే "కథ నాకొచ్చక్కా, బకెట్లు పన్నెండున్నాయి" అంది. క్లాసులు సోమ, బుధ వారాల్లో. డిగ్రీ పిల్లల పేపర్లు దిద్దడం, ల్యాబు చెప్పడం ఇంకో 20 గంటలు. వీసా ప్రకారం సెమిస్టరు నడిచేటప్పుడు జీతానికి చేసే పని అంతకు మించకూడదు. థీసిస్ పనికి మాత్రం గంటల లెక్క లేదు, అది ఎంత చేసుకున్నా ఎవరూ అడగరు!

నేను వెళ్ళిన రోజుల్లో బాగా గుర్తున్నది 2024 జులైలో ఒక రోజు. తెల్లవారుజామున ఐదింటికి లేపింది. మెల్రోజ్ దగ్గర యూనివర్సిటీకి ఆర్డ్‌వే-స్విషర్ అని తొమ్మిదివేల ఎకరాలు దాటిన పరిశోధన అడవి ఉంది. ఎత్తైన లాంగ్‌లీఫ్ పైన్ చెట్లు దూరదూరంగా, మధ్యలో మోకాలెత్తు గడ్డి. అక్కడక్కడా చెట్ల మొదళ్ళు నల్లగా కాలి ఉన్నాయి. ఎవరైనా తగలబెట్టారా అనడిగాను. కావాలనే తగలబెడతారట, కొన్నేళ్ళకొకసారి. నిప్పు పడకపోతే పొదలు కమ్ముకుని నేల మీద గడ్డికి ఎండ తగలదు, గడ్డి లేకపోతే తాబేలుకి తిండి లేదు. ఒకప్పుడు ఈ రకం పైన్ అడవి అమెరికా ఆగ్నేయంలో తొమ్మిది కోట్ల ఎకరాలుండేది. ఇప్పుడు మిగిలింది అందులో చిన్న ముక్క.

ప్యాంటుని సాక్సులోకి దోపుకోమంది. ఆ అడవిలో పైనుంచి పిడుగులు, కిందనుంచి పిడుదులు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఉరుములు మొదలవుతాయి కాబట్టి ఒంటిగంటకల్లా బయటపడాలి. ఆ ఇసక దారుల్లో ట్రక్కు కూరుకుపోతే అదో గంట.

బొరియలోకి చూడ్డానికి ఒక పరికరం ఉంది. పొడుగాటి గొట్టం చివర చిన్న కెమెరా, చీకట్లో కనపడేలా లైట్లు, ఇవతల చేతిలో తెర. డాక్టర్లు కడుపులోకి గొట్టం వేస్తారే, అలాంటిదే. మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా లోపలికి తోస్తూ పోవాలి. తెర మీద తెల్లటి ఇసక గోడలు, వేలాడే వేళ్ళు, మధ్యలో ఒక కీచురాయి. చివరికి గోడ. తాబేలు లేదు. చెల్లెలు నోటుబుక్కులో పెన్సిల్‌తో సున్నా వేసింది. రెండో బొరియ సున్నా. మూడోదాంట్లో దూరంగా ఒక డిప్ప వెనకభాగం కనపడింది, నేను సంతోషంతో అరిచాను. అది మాత్రం అదే చేతివ్రాతతో, అదే పరిమాణంలో ఒకటి వేసింది. తర్వాత నాలుగు సున్నాలు. ఎనిమిదో బొరియలో కెమెరా పదడుగులు వెళ్ళి బురద నీళ్ళలో ఆగిపోయింది. ముందురోజు పెద్ద వాన. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పావుగంట చూసింది. చివరికి నోటుబుక్కులో "యు" అని రాసింది. అంటే అన్‌డిటర్మిన్డ్, తేల్చలేకపోయాం అని.

"ఇంతసేపు కనపడలేదుగా, సున్నా వెయ్యకూడదా?" అన్నాను.

"కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరక్కా" అంది. "సున్నా వెయ్యాలంటే చివరి గోడ చూడాలి."

ఐటీవాళ్ళకి ఈ మాట వింటే ఒళ్ళు ఝల్లుమంటుంది. మన డేటాబేసుల్లో సున్నా వేరు, నల్ వేరు. జీతం సున్నా అంటే జీతం లేదు. జీతం నల్ అంటే జీతమెంతో మనకి తెలియదు. ఈ రెంటినీ కలిపేసి నల్ ఉన్నచోటల్లా సున్నా నింపేసిన రిపోర్టులు నా వృత్తిలో ఎన్ని చూశానో లెక్కలేదు, వాటి మీద పెద్ద పెద్ద నిర్ణయాలు జరగడమూ చూశాను. అయితే బ్యాంకులో నల్‌ని సున్నా చేస్తే ఒక నివేదిక పాడవుతుంది. ఇక్కడ చేస్తే బొరియ లోపల ఒక ప్రాణి ఉంటుంది.

ఈ లెక్కకో చరిత్ర ఉంది. ఒక్కో తాబేలు ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువ బొరియలు మార్చుకుంటూ వాడుతుంది. కాబట్టి బొరియలెన్నో అన్నే తాబేళ్ళు కావు. 1982లో ఆఫెన్‌బర్గ్, ఫ్రాన్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తాము చూసిన చోట బొరియల సంఖ్యని 0.614తో గుణిస్తే తాబేళ్ళ సంఖ్య వస్తుందని రాశారు. వాళ్ళు చూసిన చోటికి అది సరే. కానీ చాలా ఏళ్ళపాటు ఎక్కడెక్కడి భూములకో అదే అంకె వాడారు. మన భాషలో చెప్పాలంటే హార్డ్ కోడ్ చేశారు. తర్వాత కెమెరాలు పెట్టి చూస్తే చోటునిబట్టి, ఋతువునిబట్టి ఆ నిష్పత్తి బాగా మారుతోందని తేలింది. అందుకే ఇప్పుడు ప్రతి బొరియలోకీ ఈ గొట్టం.

ఇంకో సమస్య, బొరియలే కంటపడకపోవడం. పిల్ల తాబేలు బొరియ అరచెయ్యంత కూడా ఉండదు, గడ్డిలో ఎక్కడ కనపడుతుంది? దీనికి ఒక ఉపాయముంది. అడవిలో తిన్నగా ఒక గీత వెంబడి నడుస్తూ, కనపడిన ప్రతి బొరియా ఆ గీతకి ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. బస్సు కిటికీలోంచి మామిడిచెట్లు లెక్కపెడుతున్నామనుకోండి. రోడ్డు పక్కవి అన్నీ కనపడతాయి, లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతాయి. లోపల చెట్లు తక్కువనా? కాదు, మన చూపు తక్కువ. అడవిలో గీత మనం ఎలా పడితే అలా గీసుకున్నదే, తాబేళ్ళకి ఆ గీత సంగతే తెలియదు. కాబట్టి దూరం పోయేకొద్దీ లెక్క ఎంత తగ్గిందో, అంత మేరా మన కళ్ళు పోగొట్టుకున్నవని అంచనా వెయ్యొచ్చు. నా వృత్తిలో పదేళ్ళలో ఇంత నిజాయితీ గల పద్ధతి చూడలేదు. మనం ఎంత చూడలేదో కూడా లెక్కలోకే రావాలి.

ఈ విద్యకీ మన దేశానికీ చుట్టరికం కూడా ఉంది. ఉల్లాస్ కారంత్ గారు 1971లో సూరత్కల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. ఆయన కూడా ఇదే యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాకి వచ్చి, 1988లో వన్యప్రాణి శాస్త్రంలో మాస్టర్స్ చేశారు. తర్వాత నాగరహొళె అడవిలో కెమెరాలు పెట్టి, చారలనిబట్టి ఏ పులి ఏదో గుర్తుపట్టి, చూసినవెన్నో చూడనివెన్నో అంచనా కట్టే పద్ధతి మీద జేమ్స్ నికల్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడితో కలిసి పనిచేశారు. 1998లో వచ్చిన వాళ్ళ పరిశోధన పత్రం ఈ రంగంలో అందరూ చదివేది. మన దేశంలో అప్పటిదాకా పాదముద్రలనిబట్టి పులుల్ని లెక్కపెట్టేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004 లెక్క ప్రకారం 16 దాకా పులులున్నాయన్నారు, 2005 వచ్చేసరికి ఒక్కటీ లేదని తేలింది. దేశం మొత్తం మీద 2001–02లో పాదముద్రల లెక్క 3,642. కెమెరాలు, గణాంకాలు కలిపిన కొత్త పద్ధతిలో 2006 లెక్క 1,411. మధ్యలో పులులన్నీ చచ్చిపోయాయని కాదు. కొన్ని పోయాయి, కొన్ని అసలెప్పుడూ లేవు.

శుక్రవారాలు నోటుబుక్కులోంచి కంప్యూటరుకి ఎక్కించడం. ఇద్దరు విడివిడిగా ఎక్కించి, రెండూ పోల్చి చూస్తారు. మొత్తం ఈ చదువులో నేను చేసిన సాయం ఒక్కటే, ఆ ఎక్కించే ఫారం రాసిపెట్టాను. ఒకటి గానీ, సున్నా గానీ, యు గానీ లేకుండా గడి ఖాళీగా వదిలితే అది ముందుకి కదలదు. యు అని రాస్తే కారణం కూడా అడుగుతుంది, నీళ్ళా, వేళ్ళా, మలుపా అని. బొరియల ముందు పెట్టిన ఆటోమేటిక్ కెమెరాల ఫొటోలు చూసే పని శని, ఆదివారాల్లో మా ఇంట్లోనే జరిగేది. గాలికి గడ్డి కదిలినా ఫొటో తీసేస్తాయవి. మా వాడికి ఎనిమిదేళ్ళు, పక్కన కూర్చుని "గడ్డి, గడ్డి, గడ్డి, కుందేలు, గడ్డి" అని పాఠంలా చదివేవాడు.

ఇప్పుడు పునాది సంగతి. తాబేలుకి ఎలాంటి నేల కావాలి? ఎత్తుగా, నీళ్ళు నిలవకుండా, ఇసకగా ఉండాలి. ఇల్లు కట్టేవాడికి ఎలాంటి నేల కావాలి? సరిగ్గా అదే. ఫ్లోరిడాలో 1991 నుంచి 2007 దాకా ఒక ఏర్పాటుండేది. ఇళ్ళు కట్టే సంస్థ రాష్ట్రానికి డబ్బు కడితే, ఆ డబ్బుతో వేరేచోట తాబేళ్ళ కోసం భూమి కొనేవారు. దానికి బదులుగా ఇక్కడున్న తాబేళ్ళని బొరియల్లో అలాగే ఉంచి పైన పూడ్చెయ్యొచ్చు. అలా సుమారు 94,000 తాబేళ్ళకి అనుమతులిచ్చారు. ఆక్సిజన్ తక్కువైనా తట్టుకునే జంతువు కనుక పూడ్చగానే చావదు. వారాలు, నెలలు పడుతుంది. 2007లో ఆ అనుమతులు ఆపేశారు, అదే ఏడు రాష్ట్రం దీన్ని ముప్పులో ఉన్న ప్రాణిగా ప్రకటించింది. ఇప్పుడు కట్టడానికి ముందు వెతకాలి, పట్టాలి, అనుమతి ఉన్న వేరే చోటికి తరలించాలి. బొరియకి 25 అడుగుల లోపల ఏ పనీ చెయ్యకూడదు.

మా ఇల్లు 2004లో కట్టింది. మేము తర్వాత కొనుక్కున్నాం. మా కాలనీలో వీధులన్నిటికీ పైన్ అనీ ఓక్ అనీ, ఏ చెట్లు కొట్టేశారో వాటి పేర్లే. చిన్నప్పుడు మా వైపు పెద్దవాళ్ళు, తాబేలు ఇంట్లోకొస్తే ఆ ఇల్లు కలిసిరాదనేవారు. ఇక్కడ తాబేలు ఇంట్లోకి రాలేదు, ఇల్లే తాబేలు మీదికొచ్చింది. మా ఇంటి కింద ఏముందో లేదో నాకు తెలియదు. ఒకరోజు మా చెల్లెల్ని అడిగితే నేల వంక చూసి, "యు" అంది.

2025 వేసవిలో మా కాలనీ వెనక ఖాళీ జాగాలో కొత్త ఇళ్ళు మొదలుపెట్టారు. మా వీధిలో అద్దెకున్న గుంటూరు కుటుంబం అందులో ఒకటి బుక్ చేసుకున్నారు. వాళ్ళ స్థలం అంచున ఒక బొరియ ఉంది. సర్వే చేసే లైసెన్సు ఉన్నతను వచ్చి గొట్టం వేశాడు, లోపల నీళ్ళు, ఏమీ తేలలేదు. బకెట్ పెట్టారు. బకెట్ పెడితే 28 రోజులు వరసగా ఉంచాలి. ఈలోగా వాళ్ళ వడ్డీ రేటు ఖాయం చేసిన గడువు దాటిపోయింది. మా చెల్లెలు ఇంట్లో ఉందని తెలిసి ఆయన వచ్చారు.

"ఏమ్మా, మీ తాబేలు మూలంగా మాకు నెలకి రెండొందల డాలర్లు ఎక్కువ పడేట్టుందే" అన్నారు.

"ఉందో లేదో తెలియకుండా పూడ్చలేరు కదన్నా. కింద అది ఉందేమోనని తెలిసి మీరు మాత్రం ఆ ఇంట్లో ఉండగలరా?" అంది ఇది.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "తెలియకపోతే ఉండగలనమ్మా. తెలియనంతసేపూ ఏ బాధా లేదు" అన్నారు.

మేమందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆయన పరిహాసానికి అనలేదు, ఇద్దరు పిల్లలతో రెండు గదుల అద్దె ఇంట్లో ఏడాదిగా లెక్కలు వేసుకుంటున్న మనిషి. ఆ రోజు మా చెల్లెలు కూడా ఇంకేమీ వాదించలేదు. కాఫీ కలిపి ఇచ్చింది.

28 రోజుల్లో బకెట్లో ఏమీ పడలేదు. తర్వాత జాగ్రత్తగా తవ్వి చూశారు, లోపల ఏమీ లేదు. గృహప్రవేశం రోజున ఆయన నాతో "చూశారా, నెల రోజులు దండగ" అన్నారు. ఆయన నష్టం నిజమే, ఆ రెండొందలు నెలనెలా కట్టేది ఆయనే. కానీ దండగ అన్న మాట మటుకు నేను ఒప్పుకోను. నెల కిందట ఆ గడిలో ఏముందో ఎవరికీ తెలియదు, ఇప్పుడు తెలుసు. ఫోనులో చెల్లెలికి చెబితే అది ఒకటే అడిగింది, "చివరిదాకా తవ్వారా?" అని. తవ్వారన్నాను. "అయితే సున్నానే" అంది. ఆ గొంతులో సంతోషం ఉంది. తాబేలు దొరికినా అంతే సంతోషపడేదని నాకు తెలుసు.

పిన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. "కోటి విద్యలూ కూటి కొరకే అంటారు, తాబేళ్ళు లెక్కపెడితే కూడెవరు పెడతారే?" అంటుంది. ఆ ప్రశ్న కొట్టిపారెయ్యదగ్గది కాదు. ఇక్కడ ఫెడరల్ వన్యప్రాణి ఉద్యోగాలకి దాదాపు అన్నిటికీ పౌరసత్వం కావాలి. దీనితో చదివిన ఇండియా పిల్లల్లో ఇద్దరు డేటా ఉద్యోగాల్లోకి, అంటే మన వైపుకి వచ్చేశారు. తప్పులేదు, వాళ్ళకి అప్పులున్నాయి. మా చెల్లెలు థీసిస్ అవగొట్టుకుని వెనక్కి వెళ్ళింది. ఇప్పుడు మదనపల్లె గుట్టల్లో నక్షత్ర తాబేళ్ళని గీతల వెంబడి లెక్కపెట్టడానికి అనుమతుల కోసం తిరుగుతోంది. నక్షత్ర తాబేలు బొరియ తవ్వదు, పొదల కింద పడుకుంటుంది. అంచేత ఇక్కడ నేర్చుకున్న గొట్టం అక్కడ పనికిరాదు, పద్ధతి మటుకే పనికొస్తుంది. నేను రాసిచ్చిన ఫారం తీసుకెళ్ళింది. అందులో నీళ్ళు, వేళ్ళు తీసేసి "పొద" అని కొత్త కారణం చేర్చమని మొన్ననే మెసేజ్ పెట్టింది.

చివరగా, ఫ్లోరిడాలో ఉన్న శ్రోతలకి పనికొచ్చే మాట ఒకటి, మా చెల్లెలు మరీ మరీ చెప్పమన్నది. రోడ్డు దాటుతున్న తాబేలు కనపడితే, మీకు ప్రమాదం లేదనుకుంటేనే కారాపి, అది ఎటు వెళుతోందో అటే రోడ్డు పక్కకి చేర్చండి. వచ్చిన వైపుకి చేర్చకండి, మళ్ళీ బయల్దేరుతుంది. కారులో ఎక్కించుకోకండి. ముఖ్యంగా, పుణ్యమని తీసుకెళ్ళి చెరువులో వదలకండి. ఇది నేల తాబేలు, దానికి ఈత రాదు, మునిగిపోతుంది. మీ పెరట్లో అరచెయ్యంత కన్నం, దాని ముందు చిన్న ఇసక అరుగు కనపడితే పూడ్చకండి. ఆగస్టు నుంచి గుడ్లు పిగిలి పిల్లలు బయటికొచ్చే కాలం. లోపలేముందో తెలియదు కదా.